రంగు మారని సీసా

"మీరు రాకుండా ఉంటే బాగుండేది వదినా," అన్నాడు ఇన్‌స్పెక్టర్, ల్యాబ్ తలుపుకి అడ్డంగా నిలబడి.

"ఎవరికి బాగుండేది?" అంది డిటెక్టివ్, తడిసిన గొడుగు మూలన ఆనిస్తూ.

అతను ఆమెకి స్వయానా మరిది. ఇంట్లో ఆమె గొంతు సవరించుకుంటే చాలు, పేపరు మడిచి లేచి నిలబడతాడు. ఒంటిమీద యూనిఫాం పడిందంటే మాత్రం ఎక్కడలేని పెద్దరికం పుట్టుకొస్తుంది. ఆమె పోలీసు ఉద్యోగానికి దండం పెట్టి సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు తెరిచాక ఇద్దరూ ఒకే కేసులో ఎదురుపడటం ఇది రెండోసారి. మొదటిసారి ఏం జరిగిందో ఇంట్లో ఎవరూ ఎత్తరు. అలాగని అతను మర్చిపోలేదు.

"నన్ను పిలిచింది డైరెక్టర్ గారి భార్య. ఆసుపత్రిలో ఆయన పక్కన కూర్చుని ఫోన్ చేసింది. నువ్వు పట్టుకున్న పిల్ల వాళ్ళింట్లో సొంత కూతురిలా తిరిగిందట. నువ్వు చెప్పేది ఆవిడకి ఎక్కట్లేదు."

"ఎక్కకపోవడానికేముంది? చిన్నపిల్లలు కూడా చేసే లెక్క ఇది."

"అయితే నాకూ చెప్పు. లెక్కల్లో నేను మొదట్నుంచీ నిదానమే."

పక్కనున్న కానిస్టేబుల్ నవ్వబోయి, ఇన్‌స్పెక్టర్ చూపు తగిలి, గోడమీద మంటలార్పే సిలిండర్‌ని శ్రద్ధగా పరిశీలించడం మొదలుపెట్టాడు.

లెక్క ఇది. పశువులకి వ్యాక్సిన్లు తయారుచేసే సంస్థ అది. డైరెక్టర్ దగ్గర పనిచేసే పరిశోధకురాలు, ఇంకా ముప్పై నిండని అమ్మాయి, గాజుసీసాల్లో జంతుకణాలు పెంచుతుంది. ఎలుకలకి జలుబు తెప్పించే వైరస్ ఒకటి కూడా ఆమె చేతిలోనే ఉంటుంది. మనుషుల్ని ఏమీ చేయదు గానీ, కణాలకి తగిలితే వాటిని ఒకదాంతో ఒకటి అతికించి ముద్ద చేసేస్తుంది. ఈ పొద్దున ఎనిమిదిన్నరకి డైరెక్టర్ వచ్చి చూస్తే ఆమె సీసాల్లో ఒకటి అలా ముద్దలై ఉంది. వైరస్ సోకాక అంత కావాలంటే రాత్రంతా పడుతుంది. అంటే నిన్ననే సోకాలి. నిన్న ఆదివారం. తలుపు దగ్గర కార్డు గీకి లోపలికి వచ్చింది ఆ అమ్మాయి ఒక్కతే.

"నిర్లక్ష్యంగా పనిచేసి సీసా పాడుచేసింది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఆయన నలుగురిలో కేకలేశాడు. ఉద్యోగం ఊడిపోతుందని పిల్లకి అర్థమైంది. కాసేపటికి ఆయన పక్కగదిలోకి వెళ్ళాడు, ద్రవ నైట్రోజన్ పీపాలుండే గది. ఎవరో బయట గడియ పెట్టి గొట్టం మూత తిప్పేశారు. నైట్రోజన్ ఆవిరై గదిలో గాలినంతా నెట్టేసింది. దానికి వాసనుండదు, పొగ ఉండదు. మనిషి నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోతాడు. గాలి తగ్గితే మోగాల్సిన అలారం తీగ పీకేసి ఉంది. ఊడ్చే మనిషి అటు వెళ్ళబట్టి కొన ఊపిరితో దొరికాడు. ఆ సమయంలో పిల్ల ఎక్కడుందో చూసినవాళ్ళు లేరు."

"ఆ అమ్మాయేమంటోంది?"

"బాత్రూంలో మొహం కడుక్కుంటున్నానంటోంది. రేపు కోర్టుకి తీసుకెళ్తున్నాను."

"అయితే నాకు సాయంత్రం దాకా టైముంది," అంది డిటెక్టివ్, అతని చెయ్యి కిందనుంచి వంగి లోపలికి నడుస్తూ.

* * *

ముందుగా డిప్యూటీ డైరెక్టర్‌ని చూసింది. యాభై దాటిన మనిషి. కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. సంస్థలో అందరూ ఆయన్ని చాటుగా 'పెళ్ళిళ్ళ పేరయ్య' అంటారని కానిస్టేబుల్ దారిలో చెవిలో వేశాడు. ఎందుకో అతనికీ తెలీదు.

"ఆయన నాకు అన్నయ్య లాంటివాడండీ," అన్నాడు పేరయ్య. "నిన్న నేను ఊళ్ళో ఉండుంటే ఇంతదాకా వచ్చేదే కాదు. మా అమ్మాయి దగ్గరికి వెళ్ళాను. ఆదివారమంతా అక్కడే. కావాలంటే మా అల్లుణ్ణి అడగండి, రైలు టికెట్టు కూడా..."

"నిన్నటి గురించి నేను అడగలేదే."

జేబులోకి వెళ్ళిన చెయ్యి అక్కడే ఆగింది.

"అంటే... అందరూ అదే అడుగుతున్నారు కదా అని."

"అందరూ అంటే?"

"నేనే అడిగాను మేడమ్," అని అందుకున్నాడు ఇన్‌స్పెక్టర్ గుమ్మంలోంచి. పరాయివాళ్ళ ముందు అతనికి ఆమె మేడమ్. "పెద్దమనిషిని పట్టుకుని ఆ ప్రశ్నలేంటి?"

డిటెక్టివ్ మరిదివైపు చూడనైనా లేదు.

"ఈ పొద్దున ఎన్నింటికి వచ్చారు?"

"ఆరింటికి. రైలు దిగి నేరుగా ఇక్కడికే."

"ఇంటికెళ్ళి స్నానమైనా చెయ్యకుండా?"

"పనంటే నాకు పిచ్చండీ. మా ఆవిడ కూడా అదే తిడుతుంది."

"ఆ అమ్మాయి వచ్చేదాకా లోపల మీరొక్కరే ఉన్నారన్నమాట."

"అవును. నా గదిలో ఉన్నాను. సీసాలున్న వైపు పోనే లేదు." ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "ఆ పిల్లని ఏమీ అనకండి. చిన్నపిల్ల. తెలీక చేసుంటుంది."

డిటెక్టివ్ లేచింది. తప్పు చేసిందని ఖాయం చేస్తూనే జాలిపడేవాళ్ళని ఆమె సర్వీసులో చాలామందిని చూసింది. అంతమాత్రాన అందరూ దోషులని కాదు. కానీ ఆ జాలి ఎందుకో చెవిలో దూరిన దోమలా రొద పెడుతూనే ఉంది.

* * *

కణాలు పెంచే గది ఇరుకుగా, మితిమీరిన శుభ్రంగా ఉంది. కాళ్ళకి తొడుగులు, చేతులకి తొడుగులు, మూతికి గుడ్డ. "పెళ్ళికూతురి ముస్తాబుకి కూడా ఇంత పట్టలేదు," అని గొణుక్కుంటూ అన్నీ తొడుక్కుంది. ఇన్‌స్పెక్టర్ వెనకే వచ్చాడు, ఆమె దేన్ని ముట్టుకున్నా దొంగతనం చేస్తున్నట్టు చూస్తూ.

ఇంక్యుబేటర్ తలుపు తీస్తే వెచ్చటి తేమ మొహానికి కొట్టింది. లోపల పైఅరలో నాలుగు సీసాలు, వెల్లకిలా పడుకోబెట్టినట్టు. నాలుగింటి మీదా ఒకే చేతిరాత, ఒకే తారీఖు. మూడో సీసాకి పోలీసులు ఎర్రదారం కట్టారు.

"అదే," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "చూసి పెట్టెయ్యండి."

ఆమె ముందు రెండో సీసా తీసి మైక్రోస్కోప్ కింద పెట్టించుకుంది. సన్నగా సాగిన కణాలు పక్కపక్కనే ఒద్దికగా పరుచుకుని ఉన్నాయి. ప్రతిదానికీ తన హద్దు ఉంది, మధ్యలో ఒక చుక్క ఉంది. ఆ తర్వాత మూడో సీసా పెట్టింది. హద్దుల్లేవు. పొరలు కరిగి ఒకదాంట్లోకి ఒకటి పోయి, పెద్దపెద్ద మడుగుల్లా పరుచుకున్నాయి. ఒక్కో మడుగులో ఇరవై ముప్పై చుక్కలు. పక్కపక్క ఇళ్ళ మధ్య గోడలన్నీ పడగొడితే సామాన్లన్నీ ఒకే చావట్లో కుప్పపడ్డట్టుంది. సీసాని ఈ చివరనుంచి ఆ చివరకి జరిపి చూసింది. అంతటా అదే. ఫోన్‌తో ఫోటోలు తీసుకుంది.

సీసాలు తిరిగి అరలో పెట్టబోతూ ఆగిపోయింది.

"ఇలా రా."

"ఏంటి?"

"రంగులు చూడు."

కణాలు మునిగి ఉండే పోషకద్రవం ఒకటి, రెండు, నాలుగు సీసాల్లో పండిన నారింజ తొక్క రంగులో ఉంది. మూడోదాంట్లో మాత్రం ఎర్రగా నిగనిగలాడుతోంది. ఫ్రిజ్ తెరిచి, ఇంకా మూత తియ్యని ద్రవం సీసా ఒకటి తీసి పక్కన పెట్టింది. రెండూ ఒకే ఎరుపు.

ఇన్‌స్పెక్టర్ ఒక్క క్షణం తటపటాయించాడు. అంతలోనే తేరుకున్నాడు. "అది నాకు చెప్పారులే. కణాలు తిని మిగిల్చిన పులుపుకి ద్రవం నారింజరంగుకి తిరుగుతుంది. ఇందులో కణాలు చచ్చాయి. చచ్చినవి తినవు. అందుకే రంగు మారలేదు."

"ఎవరు చెప్పారు?"

"డిప్యూటీ గారు."

"నువ్వు అడిగితే చెప్పాడా, ఆయనే చెప్పాడా?"

"వదినా!" మేడమ్ ఎగిరిపోయింది. "ఇంట్లో మీరు పెద్ద, ఒప్పుకుంటాను. ఇక్కడ నేను పెద్ద. ఓ సీసా రంగు చూసి కేసు తిరగేస్తానంటే కుదరదు. పైవాళ్ళకి నేను జవాబు చెప్పుకోవాలి."

"చెప్పుకో. కానీ తప్పు జవాబు చెప్పి, తర్వాత దిద్దుకోవడం మహా కష్టం. ఆ పిల్లని ఒకసారి చూపించు. నువ్వూ పక్కనే కూర్చో."

అతను పళ్ళు కొరుక్కున్నాడు. అంతలో జేబులో ఫోన్ మోగింది. నంబరు చూసి, "మీరు నడవండి, వస్తాను," అని వరండాలోకి వెళ్ళిపోయాడు.

* * *

లైబ్రరీ గదిలో మహిళా కానిస్టేబుల్ పక్కన కూర్చుని ఉంది అమ్మాయి. ఏడ్చి ఏడ్చి అలిసిపోయిన మొహం. డిటెక్టివ్ ఎదురుగా కుర్చీ లాక్కుని, మంచినీళ్ళ గ్లాసు ముందుకి జరిపింది.

"నీకు కోపమొస్తే ఏం చేస్తావమ్మా?"

అమ్మాయి తెల్లబోయింది. "ఏడుస్తానండీ."

"డైరెక్టర్ గారు తిట్టినప్పుడు కూడా?"

"మొదట ఆయన అరిచారు. సీసా చూసి, 'బుద్ధుందా నీకు' అన్నారు. తర్వాత మళ్ళీ వంగి మైక్రోస్కోప్‌లో చూశారు. చాలాసేపు చూశారు. సీసా పైకెత్తి లైటుకి పెట్టి చూశారు. అప్పుడు... మెత్తబడిపోయారు. 'నువ్వెళ్ళి మొహం కడుక్కో తల్లీ, ఇది నీ పని కాదు' అన్నారు."

"ఈ మాట పోలీసులకి చెప్పలేదా?"

"చెప్పాను. 'ఇది నీ పని కాదు' అంటే ఉద్యోగంలోంచి పొమ్మన్నట్టే అని రాసుకున్నారు."

అప్పుడే లోపలికి వచ్చిన ఇన్‌స్పెక్టర్ గుమ్మం దగ్గర గొంతు సవరించుకున్నాడు.

"ఆయన ఆ మాట అన్నప్పుడు గదిలో ఇంకెవరున్నారు?"

"డిప్యూటీ సార్."

డిటెక్టివ్ ఫోన్ ఆమె ముందు పెట్టింది. "నీ సీసా నువ్వు చూశావా?"

"లేదండీ, నన్ను దగ్గరికి రానివ్వలేదు. పాడైందని విన్నాను, అంతే."

అమ్మాయి ఫోటో పెద్దది చేసింది. ఒకటి, రెండు, మూడు. వేలు ఆగింది. కళ్ళలో ఏడుపు పోయి వేరే ఏదో వచ్చింది. వెన్ను నిటారుగా అయింది.

"ఇది నిన్న సోకిన వైరస్ కాదు," అంది.

"ఎలా చెప్పగలవ్?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"బతికున్న వైరస్ సోకితే సార్, ముందు అక్కడొక కణం, ఇక్కడొక కణంలో దూరుతుంది. లోపల తన పిల్లల్ని తయారుచేస్తుంది. వైరస్ ఒంటిమీద అతికించే ముళ్ళుంటాయి, కొక్కేల్లాంటివి. ఆ ముళ్ళని కణం పొరమీద కూడా మొలిపిస్తుంది. అవి పక్కకణం పొరని పట్టుకుని లాగితే రెండు పొరలూ కలిసిపోతాయి. అలా ఒకచోట మొదలై చుట్టూ పాకుతుంది, బట్టమీద నూనెమరకలా. మరక చుట్టూ మామూలు కణాలుంటాయి, మధ్యలో చచ్చి ఊడినవి తేలుతుంటాయి." ఆమె ఫోన్ అతనివైపు తిప్పింది. "ఇక్కడ మరకల్లేవు. సీసా అంతా ఒకేసారి ముద్దయింది. చచ్చినవి కనబడట్లేదు. ఇది బయటనుంచి చేసింది."

"బయటనుంచి అంటే?"

"అతికించే పని చేసేది ముళ్ళు. వైరస్ బతికుండక్కర్లేదు, ముళ్ళు పాడవకపోతే చాలు. అతినీలలోహిత దీపం కింద పెట్టి చంపేసిన వైరస్‌ని చిక్కగా చేసి ఒక్కసారిగా కుమ్మరిస్తే, కణాల మధ్య అవే వంతెనలవుతాయి. పిల్లల్ని పెట్టే పనే లేదు. గంట, గంటన్నరలో ఇలా అయిపోతుంది."

ఇన్‌స్పెక్టర్ తెలియకుండానే కుర్చీలో కూర్చున్నాడు.

"మరి ఈ ఎర్రరంగు?" అంది డిటెక్టివ్.

"నిన్న నాలుగు సీసాలకీ ఒకే డబ్బాలోంచి ద్రవం పోశానండీ. అందులో సీరం ఉంటుంది, పశువుల రక్తంలోంచి తీసిన తేట. అది ఈ పనికి అడ్డొస్తుంది. కాబట్టి వాళ్ళు పాతది పారబోసి, కడిగి, వైరస్ వేసి, పని అయ్యాక కొత్త ద్రవం పోసుండాలి. కలిసిపోయిన కణాలు చచ్చినవి కావు, అవీ తింటాయి. నిన్న పోసిన ద్రవమైతే ఈపాటికి రంగు మారాలి. ఆ కొత్త ద్రవం పొద్దుటిదే."

"దీన్ని కోర్టు ఒప్పుకోవడానికి దారుందా?"

"ఉంది. ఆ సీసాలో ద్రవం తీసి కొత్త కణాల మీద పొయ్యండి. బతికున్న వైరసైతే రెండుమూడు రోజుల్లో అవీ ముద్దవుతాయి. చచ్చిందైతే ఏమీ కాదు. నా చేత్తో వద్దు, వేరే ల్యాబ్‌లో చేయించండి."

డిటెక్టివ్ ముందుకి వంగింది. "ఇలా చంపిన వైరస్‌తో ఇక్కడ పని ఎవరికి?"

అమ్మాయి జవాబివ్వడానికి తడుముకుంది. పెద్దవాళ్ళ పేరు ఎత్తడానికి నోరు రాని పెంపకం.

"చెప్పమ్మా. నువ్వు చెప్పకపోతే నీ తరఫున చెప్పాల్సిన మనిషి ఆసుపత్రి మంచమ్మీద ఉన్నాడు."

"డిప్యూటీ సార్‌కండీ. రెండు జాతుల కణాల్ని కలిపి ఒకటి చెయ్యడం ఆయన విద్య. అందరూ ఇప్పుడు రసాయనంతో చేస్తున్నారు, ఆయన మాత్రం పాతపద్ధతిలో వైరస్‌తోనే. అందుకే ఆయన్ని... మేం పెళ్ళిళ్ళ పేరయ్య అంటాం."

"నీ సీసాతో ఆయనకేం పని?"

"ఆయన కలిపిన కణాలు కొత్త వ్యాక్సిన్‌కి కావలసిన ప్రోటీన్ ఇస్తాయని పెద్ద పేరు. ఆ పేరు మీదే వచ్చే నెల మా సార్ రిటైరయ్యాక డైరెక్టర్ కుర్చీ ఆయనకి ఇవ్వబోతున్నారు. మా సార్‌కి అనుమానమొచ్చింది. ఎవరికీ చెప్పకుండా నన్ను మళ్ళీ చేసి చూడమన్నారు. ఆ కణాలే మూడో సీసాలో ఉన్నవి. శుక్రవారం వరకూ చూశాను. అవి ఆ ప్రోటీన్ ఇవ్వట్లేదు. ఎప్పుడూ ఇవ్వలేదు. శుక్రవారం సాయంత్రం డిప్యూటీ సార్ నా నోటుబుక్కు తిరగేస్తూ కనబడ్డారు. ఈ పొద్దున సార్ కళ్ళముందు చివరిసారి పరీక్ష చేసి చూపించాలి."

అంతా ఒక్కసారిగా అమరింది. సీసా పగలగొడితే అనుమానం పేరయ్యమీదికి వస్తుంది. పాడైతే పిల్లమీదికి పోతుంది. అదీ తను ఊళ్ళో లేని ఆదివారం మీదికి. కానీ పెద్దాయన రెండోసారి వంగి చూశాడు. సీసా లైటుకి పెట్టాడు. పక్కన నిలబడ్డ పేరయ్య ఆయన మొహంలో అర్థమైపోవడం చూశాడు. అవే కణాలు ఇంకొన్ని నైట్రోజన్ పీపాలో గడ్డకట్టించి దాచి ఉంటారు. మళ్ళీ మొదలుపెడదామని ఆయన ఆ గదిలోకే వెళ్ళుంటాడు.

"వదినా," అన్నాడు ఇన్‌స్పెక్టర్. గొంతులో యూనిఫాం లేదు. "నిన్నెక్కడున్నారని ఆయన్ని నేను అడగలేదు. మీరు ఆయన్ని నిలదీస్తుంటే చూడలేక అలా అన్నాను."

"తెలుసు. నువ్వు అబద్ధమాడితే నీ చెవులు ఎర్రబడతాయి. పద, ఆయన్ని పిలువు."

ఇన్‌స్పెక్టర్ లేవలేదు.

"ఇందాక ఫోన్ వచ్చింది చూశారూ... ఆసుపత్రి నుంచి. డైరెక్టర్ గారు కళ్ళు తెరుస్తున్నారట, మాట్లాడ్డానికి పెదాలు కదుపుతున్నారట. డిప్యూటీ గారికి చెప్పాను. ఒక్కసారి చూసొస్తానని నా చేతులు పట్టుకుని ఏడ్చారు."

"నువ్వేం చేశావు?"

"జీపిచ్చి పంపించాను."

డిటెక్టివ్ అప్పటికే ఫోన్ చెవికి పెట్టుకుంది. మోగుతోంది. మోగుతూనే ఉంది. అతను తన ఫోన్లో వార్డు కానిస్టేబుల్‌కి చేస్తున్నాడు. కంగారులో నంబరు తప్పుతోంది.

"చెప్పండమ్మా," అంది డైరెక్టర్ గారి భార్య. వెనకాల గిన్నెల చప్పుడు.

"ఎక్కడున్నారు మీరు?"

"కింద క్యాంటీన్లోనండీ. డిప్యూటీ గారొచ్చారు. పొద్దుట్నుంచీ పచ్చి మంచినీళ్ళు ముట్టలేదు, కాస్త ఏదైనా తాగి రామ్మా, నేను కూర్చుంటానని బలవంతం చేశారు. పాపం కానిస్టేబుల్ని కూడా తోడిచ్చి పంపించారు."

"ఇద్దరూ పైకి పరుగెత్తండి! ఆయన్ని చంపబోయింది అతనే!"

అవతల ఏదో కింద పడి పగిలింది. మెట్లమీద అడుగులు, ఆయాసం, కానిస్టేబుల్ బూట్లు. డిటెక్టివ్ ఫోన్ స్పీకర్లో పెట్టి బల్లమీద ఉంచింది. నలుగురూ దానిమీదికి వంగారు.

"గడియ పెట్టుకున్నాడు! లోపల గడియ పెట్టుకున్నాడండీ!"

"పగలగొట్టు!" అని అరిచాడు ఇన్‌స్పెక్టర్, అక్కడున్న కానిస్టేబుల్‌కి వినబడేలా. "భుజంతో గుద్దు! తలుపు పోతే నాది పూచీ!"

ఒక దెబ్బ. ఇంకోటి. మూడోదానికి చెక్క విరిగిన చప్పుడు. ఆడగొంతు కేక, పెనుగులాట, ఇనప స్టాండేదో దొర్లిపడటం. తర్వాత ఏమీ లేదు. అమ్మాయి రెండు చేతులతో నోరు మూసుకుంది. డిటెక్టివ్ ఆమె భుజం పట్టుకుంది, వేళ్ళు దిగేలా.

"అమ్మా? అమ్మా, వినబడుతోందా?"

చాలాసేపటికి ఆవిడ గొంతు వచ్చింది, ఎక్కిళ్ళ మధ్య.

"ఆక్సిజన్ గొట్టం పీకేసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడండీ. మీ కానిస్టేబుల్ వాణ్ణి నేలకేసి అదిమిపట్టాడు. నర్సు మళ్ళీ గొట్టం పెట్టింది."

"డైరెక్టర్ గారు?"

ఆవిడ ముక్కు ఎగబీల్చింది.

"నా చెయ్యి పట్టుకున్నారు. చాలా గట్టిగా పట్టుకున్నారండీ."